బెజవాడ ఎండలో ఏ ఫెర్న్ కొనాలి? ముందు మీ బాల్కనీ ఏ దిక్కో చూడండి

మా ఫ్లాట్ పటమటలో మూడో అంతస్తు. హాలు బాల్కనీ పడమరకి. నాలుగేళ్ల కిందట సంక్రాంతి ముందు హైవే పక్క నర్సరీలో బోస్టన్ ఫెర్న్ బుట్టలు మూడు చూసి, చెయ్యి ఆగక తెచ్చి అక్కడే వరుసగా కట్టాను. ఫిబ్రవరి దాకా ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ వాటి ముందు నిలబడి ఫోటో దిగారు. ఏప్రిల్లో ఆకుల అంచులు ఎర్రబడ్డాయి. మే రెండో వారానికి మూడు బుట్టలూ చీపురు కట్టల్లా తయారయ్యాయి. రాలిన ఎండాకులు బాల్కనీ జాలీలో ఇరుక్కుని నీళ్లు నిలిచిపోవడం అదనపు బహుమతి.

తప్పు మొక్కది కాదు, అమ్మినవాళ్లదీ కాదు. డిసెంబరు, జనవరిలో మన ఊళ్లో ఏ ఫెర్న్ అయినా బాగానే ఉంటుంది. రోహిణి కార్తెలో ఎలా ఉంటుందన్నదే అసలు సంగతి. అది నేను అడగలేదు. అందుకే ఇప్పుడు ఎవరైనా ఏ ఫెర్న్ కొనమంటారని అడిగితే ఎదురు మూడు ప్రశ్నలు వేస్తాను. బాల్కనీ ఏ దిక్కు? మే నెల మధ్యాహ్నాలు ఇంట్లో ఎవరుంటారు? కుండీకి పోసేది కృష్ణా కుళాయి నీళ్లా, బోరు నీళ్లా? ఈ మూడింటికీ జవాబు తెలిస్తే మొక్క దాదాపు తనే ఖాయమైపోతుంది.

ముందు ఒక చిన్న తికమక తీర్చుకుందాం

ఫెర్న్‌కి పువ్వు పూయదు, కాయ కాయదు, విత్తనం ఉండదు. ఆకు అడుగున గోధుమరంగు చుక్కలు వరుసగా వస్తాయి. వాటిలోని సిద్ధబీజాలతోనే వంశం సాగుతుంది. మా పై అంతస్తు ఆంటీ ఆ చుక్కల్ని పురుగు అనుకుని రెండు వారాలు మందు కొట్టారు. చుక్కలు పోలేదు, మొక్క పోయింది. చుక్కలు ఆకు అడుగున, మధ్య ఈనెకి రెండు వైపులా లెక్క కట్టినట్టు వరుసలో ఉంటే అవి మొక్కవే. అక్కడొకటి ఇక్కడొకటిగా, కాడ మీద కూడా ఉండి, గోటితో గీరితే ఊడివస్తే అవి పొలుసు పురుగులు. పాడి ఉన్నవాళ్లు గేదెలకి మేతగా తొట్టెల్లో పెంచే అజోల్లా కూడా ఫెర్నే అని చెబితే చాలామంది నమ్మరు, కానీ నిజం.

నర్సరీలో ఫెర్న్ పేరుతో అమ్మే ఒక మొక్క మాత్రం అసలు ఫెర్నే కాదు. ఆస్పరాగస్ ఫెర్న్ అని, స్ప్రింగేరి అని పిలిచే దారాల్లాంటి ఆకుల మొక్క ఉంటుంది చూడండి, అది మన పిల్లిపీచరకి చుట్టం. పిల్లిపీచర అంటే శతావరి. దీనికి పువ్వులు పూస్తాయి, ఎర్రటి పళ్లు కాస్తాయి, కాడకి చిన్న ముళ్లుంటాయి, అడుగున నీళ్లు దాచుకునే దుంపవేళ్లుంటాయి. ఫెర్న్ కాదు కదా అని తీసిపారేయకండి. ఉదయం ఎండ తగిలే చోటు, రెండు రోజులకోసారి మాత్రమే నీళ్లు పోయగలిగే మనిషి, పచ్చగా కుచ్చులా కనబడాలన్న కోరిక, ఈ మూడూ కలిస్తే దీనికి మించింది లేదు. ఒక్క జాగ్రత్త చాలు. ఇంట్లో పిల్లి గానీ కుక్క గానీ ఉంటే ఆ పళ్లు వాటికి పడవు, వాంతులు చేసుకుంటాయి. బోస్టన్ ఫెర్న్‌తో ఆ భయం లేదు.

బోస్టన్ అని అడిగితే వచ్చే మూడు మొక్కలు

ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే, అందుకే కాస్త వివరంగా చెబుతాను. నర్సరీలో "బోస్టన్ ఇవ్వండి" అంటే మూడు వేర్వేరు మొక్కల్లో ఏదో ఒకటి చేతిలో పెడతారు. మూడూ నెఫ్రోలెపిస్ కుటుంబానివే. దూరం నుంచి చూస్తే అక్కచెల్లెళ్లలా ఉంటాయి. మే నెలలో మాత్రం ఒకదానికీ ఇంకోదానికీ పోలికే ఉండదు.

అసలు బోస్టన్ ఫెర్న్ 1894లో దొరికింది. అమెరికాలో ఫిలడెల్ఫియా నుంచి బోస్టన్ వైపు పంపిన మొక్కల్లో ఒకటి మిగతావాటిలా నిటారుగా కాకుండా వంగి వేలాడుతూ కనిపించింది. ఆ వంపే దాని అందం, ఆ పేరూ అలా వచ్చిందే. రెండు మూడడుగుల ఆకులు బుట్ట చుట్టూ జారుతూ ఉంటే దానికి సాటి లేదని నేనూ ఒప్పుకుంటాను. కానీ దానికి హాయిగా ఉండేది 18 నుంచి 27 డిగ్రీల మధ్య. మన దగ్గర మే నెలలో 40 దాటడం మామూలు సంగతి, 45 చూసిన రోజులూ ఉన్నాయి. పలచటి ఆకులు, పైపైన పాకే వేళ్లు. మట్టి ఒక్క పూట పూర్తిగా ఎండితే చిన్నాకులు జలజలా రాలిపోతాయి, ఎంత నీళ్లు పోసినా ఆ రాలినవి తిరిగి రావు. వేసవిలో దీనికి పొద్దునా సాయంత్రం రెండు పూటలా నీళ్లు పోసే మనిషి ఉండాలి. తూర్పు లేక ఉత్తరం బాల్కనీ ఉండి, ఇంట్లో పెద్దవాళ్లెవరైనా పగలంతా ఉండే ఇళ్లకే ఇది. ఇద్దరూ ఉద్యోగాలకి పోయే ఇంటికి నేను బోస్టన్ చెప్పను.

రెండోది కార్డిఫోలియా. నర్సరీలో స్వోర్డ్ ఫెర్న్ అంటారు, కొందరు లోకల్ ఫెర్న్ అని చిన్నచూపుతో చెబుతారు, ధర కూడా తక్కువే ఉంటుంది. ఆకు వంగదు, కత్తిలా నిలబడుతుంది. చిన్నాకులు ఒకదాని మీదికొకటి ఎక్కినట్టు దగ్గరగా ఉండి మధ్య కాడని కప్పేస్తాయి. నిక్కచ్చిగా తేల్చుకోవాలంటే నర్సరీ అబ్బాయిని అడిగి కుండీలోంచి మొక్కని కాస్త పైకి తీయించండి. వేళ్ల మధ్య గోలీకాయంత గుండ్రటి గడ్డలు కనిపిస్తే కార్డిఫోలియా. అసలు బోస్టన్‌కి ఆ గడ్డలుండవు. ఆ గడ్డల్లో దాచుకున్న నీళ్లే వేసవిలో దాన్ని కాపాడతాయి. ఒక రోజు నీళ్లు పోయడం మరిచిపోతే తల వాలుస్తుంది, మర్నాడు పోస్తే లేస్తుంది. మన దేశంలో సహజంగా పెరిగే జాతే కాబట్టి మన వాతావరణం దానికి కొత్త కాదు. దీనితో చిక్కల్లా నేలలో నాటినప్పుడే. పాకుడు తీగలతో పక్క మొక్కల్ని ఆక్రమించేస్తుంది, ఒకసారి పట్టుకుంటే పీకినా ఆ గడ్డల నుంచి మళ్లీ మొలుస్తుంది. కుండీలోనే ఉంచండి.

మూడోది కింబర్లీ క్వీన్, ఆస్ట్రేలియా వైపు నుంచి వచ్చింది. ఇదీ నిటారుగా పెరుగుతుంది, కానీ పెద్దది. మూడడుగుల దాకా లేచి గుండ్రటి గొడుగులా విచ్చుకుంటుంది. ఈ మూడింటిలో ఎండనీ పొడిగాలినీ బాగా తట్టుకునేది ఇదే. ఆకులు రాల్చడం కూడా తక్కువ కాబట్టి ఊడ్చే బాధ తక్కువ. అయితే బుట్టలో వేలాడదీసే మొక్క కాదిది, గుమ్మం పక్కన పెద్ద కుండీలో నిలబెట్టే మొక్క. చోటు కావాలి, డబ్బూ కాస్త ఎక్కువే పెట్టాలి. లిఫ్టు ఎదురుగా వెలుతురు తగిలే వరండా గానీ, సొంతిల్లయితే పోర్టికో గానీ ఉంటే రెండు పెట్టండి చాలు, ఇంకో అలంకారం అక్కర్లేదు.

మొదటిసారి కొనేవాళ్లకి నా సలహా మారదు, కార్డిఫోలియా కొనండి. వంపు అందం కొంత తగ్గినా జూన్‌లో కూడా మొక్క ఉంటుంది. పైగా ఏడాది తిరిగేలోపు ఒక కుండీ రెండవుతుంది. ఎదురింటివాళ్లకి ఇవ్వొచ్చు, వాళ్లు మీకు కరివేపాకు మొక్క ఇస్తారు.

హంసపాది: మా పిన్ని బావిలో బతికింది, నా హాల్లో చచ్చింది

నల్లటి దారపు కాడ, చిన్న చిన్న విసనకర్రల్లాంటి ఆకులు, గాలి తగిలితే వణికే సుకుమారం. మెయిడెన్‌హెయిర్ ఫెర్న్‌ని చూసి మనసు పారేసుకోనివాళ్లు తక్కువ. మన వైపు ఈ జాతిని హంసపాది అంటారు. ఆయుర్వేదంలో ఆ పేరుతో వాడేది దీని చుట్టాల్లో ఒకటి. నర్సరీలో కుచ్చుకుచ్చుగా అమ్మేది మాత్రం ఎక్కువగా దక్షిణ అమెరికా రకం.

నేను ఒకటి తెచ్చి హాల్లో టీపాయ్ మీద పెట్టాను. ఫ్యాన్ కింద సరిగ్గా ఎనిమిది రోజులుంది. ఆ వారమే గుంటూరు నుంచి మా పిన్ని వచ్చింది. ఎండిన ఆకుని వేళ్లతో నలిపి చూసి, "ఇదేంటే, దీనికి డబ్బులు పోసి కొన్నావా? మన బావిలో ఉండేదేగా ఇది!" అంది. నిజమే. బ్రాడీపేటలో వాళ్ల పాత ఇంటి వెనక రాతి బావి ఉంది. ఇప్పుడు ఎవరూ తోడరు, మోటారు పెట్టేశారు. ఆ బావి లోపలి గోడకి రాళ్ల సందుల్లో ఇదే జాతి గుత్తులుగా వేలాడుతూ ఉంటుంది. ఎవరూ నాటలేదు, ఎవరూ నీళ్లు పోయలేదు, ఎరువు ముఖం అది ఎరగదు.

తర్వాత గుంటూరు వెళ్లినప్పుడు ఆ బావి గట్టు మీద వంగి చాలాసేపు చూశాను. లోపల గాలి కదలదు. తడి ఎప్పుడూ ఒక్కలాగే ఉంటుంది. వెలుతురు పైనుంచి చల్లగా దిగుతుంది, ఎండ సూటిగా తగలదు. రాళ్ల మధ్య పాత సున్నం. ఈ జాతిలో కొన్నింటికి సున్నమంటే ఇష్టం కూడా. నా హాల్లో వీటిలో ఒక్కటీ లేదు. పైగా నేను రోజుకి నాలుగుసార్లు స్ప్రే బాటిల్‌తో ఆకుల మీద నీళ్లు కొట్టాను. అడియాంటం అన్న దీని శాస్త్రీయ నామానికి గ్రీకులో తడవనిది అని అర్థం. ఆకు మీద పడ్డ నీటిబొట్టు తామరాకు మీది బొట్టులా జారిపోతుంది. అంటే నా స్ప్రే అంతా టీపాయ్‌కి స్నానం.

కాబట్టి హంసపాది కొనాలంటే ముందు మీ ఇంట్లో బావిలాంటి చోటు ఉందో లేదో చూసుకోండి. కిటికీ ఉండి వెలుతురు బాగా వచ్చే స్నానాలగది మొదటి ఎంపిక. వెంటిలేటర్ మాత్రమే ఉన్న చీకటి బాత్రూమ్ పనికిరాదు. గాజు జాడీ ఇంకో దారి. 1829 ప్రాంతంలో లండన్‌లో నథానియల్ వార్డ్ అనే డాక్టరు చిమ్మట గూడు ఒకటి మూతపెట్టిన సీసాలో పెడితే, లోపలి తడిమట్టిలోంచి ఫెర్న్ మొలిచింది. బయట పొగ గాలికి ఎంత పెంచినా బతకని మొక్క సీసాలో హాయిగా పెరిగింది. ఆ సూత్రం మనకీ పనికొస్తుంది. పెద్ద నోరున్న గాజు జాడీలో పెట్టి వెలుతురున్న చోట ఉంచండి. ఎండ సూటిగా పడే కిటికీలో మాత్రం వద్దు, మన ఊళ్లో ఆ జాడీ గంటలో ఇడ్లీ పాత్ర అవుతుంది.

ఒకవేళ ఎండిపోతే వెంటనే పారేయకండి. కాడలన్నీ మట్టి దాకా కత్తిరించేసి, మట్టిని తడిగా ఉంచి, నీడలో ఒక మూల పెట్టి మరిచిపోండి. వేళ్లలో ప్రాణం మిగిలి ఉంటే మూడు నాలుగు వారాల్లో చుట్ట చుట్టుకున్న కొత్త చిగుళ్లు పైకొస్తాయి.

ఇంటి లోపలికి ఒక్కటే అయితే

హాల్లో, ఆఫీసు టేబుల్ మీద, ఏసీ గదిలో పెట్టడానికి ఒక్క ఫెర్న్ చెప్పమంటే బర్డ్స్ నెస్ట్ చెబుతాను. ఇది చీలికలు లేని వెడల్పాటి ఆకు. లేత అరటాకుల్ని గుండ్రంగా పేర్చినట్టుంటుంది. అడవిలో చెట్ల కొమ్మల మీద కూర్చుని పెరిగే జాతి కాబట్టి వేళ్లకి గాలి కావాలి, మట్టి బిగుసుకుపోతే ఒప్పుకోదు. ఆకు మందంగా ఉండటం వల్ల బోస్టన్‌లా పూటపూటకీ దాహం అనదు. మట్టి పైన అంగుళం ఆరాక పోస్తే సరిపోతుంది.

దీన్ని చంపేది ఎండ కాదు, ప్రేమ. మధ్యలో గూడులా ఉంటుంది కదా అని అందరూ అక్కడే నీళ్లు పోస్తారు. నీళ్లు నిలిచి నడిమి చిగురు కుళ్లుతుంది, అది కుళ్లితే మొక్క అయిపోయినట్టే. కుండీ అంచు వెంట పోయండి. మెరుపు కోసం ఆకులకి కొబ్బరినూనె రాసే అలవాటు కొందరికుంది, అదీ వద్దు. తడిగుడ్డతో దుమ్ము తుడవండి, మధ్యలో విచ్చుకుంటున్న లేత ఆకుల్ని మాత్రం ముట్టుకోకండి, మచ్చ పడితే పెద్దయ్యాక కూడా పోదు.

స్టాగ్‌హార్న్ గురించి కూడా అడుగుతుంటారు. జింక కొమ్ముల్లా చీలిన ఆకులతో, చెక్కకి కట్టి గోడకి తగిలించేది. చూడ్డానికి గొప్పగా ఉంటుంది. వారానికోసారి చెక్కతో సహా బకెట్లో ముంచాలి, మే నెలలో రెండు రోజులకోసారి. అడుగున గోధుమరంగులోకి మారి చెక్కని పట్టుకున్న డొప్పల్లాంటి ఆకుల్ని ఎండాయనుకుని పీకకూడదు. ఓపికున్నవాళ్లు తెచ్చుకోండి, రెండో మొక్కగానో మూడో మొక్కగానో, మొదటి మొక్కగా మాత్రం కాదు.

ఏ రకమైనా గదిలో గాలి శుభ్రమవుతుందని కొనకండి. ఒకటీ అరా కుండీతో తేడా రాదని, లెక్కకి వచ్చేంత ఫలితం కావాలంటే చదరపు మీటరుకి కనీసం పది మొక్కలు పెట్టాలని 2019లో వచ్చిన ఒక సమీక్ష తేల్చింది. అన్ని కుండీలు పెడితే మనం ఎక్కడ పడుకుంటాం? కంటికి చల్లగా ఉంటుందని కొనండి, ఆ కారణం చాలు.

నీళ్ల విషయంలో తేడా పడితే ఏ రకమైనా ఒకటే

ఫెర్న్ వేళ్లు ఉప్పుకి ఓర్చుకోవు. కుండీ అంచున తెల్లటి పొక్కులా పేరుకుంటున్నా, ఆకుల కొసలు మాత్రమే గోధుమరంగుకి తిరుగుతున్నా అది నీళ్ల తక్కువ కాదు, ఉప్పు ఎక్కువ. మన అపార్ట్‌మెంట్లలో చాలావాటికి బోరు నీళ్లే దిక్కు. కృష్ణా నీళ్లు వచ్చే కుళాయి ఉంటే ఫెర్న్‌లకి ఆ బకెట్ విడిగా పట్టి, క్లోరిన్ వాసన పోయేలా రాత్రంతా మూత లేకుండా ఉంచి వాడండి.

ఆర్వో ఫిల్టరు బయటికి వదిలే నీళ్లని వృథా చెయ్యకుండా మొక్కలకి పోయమని అందరూ చెబుతుంటారు. ఇల్లు కడగడానికి వాడుకోండి, ఫెర్న్‌లకి మాత్రం పోయకండి. ఫిల్టరు తాగే నీళ్లలోంచి తీసేసిన ఉప్పంతా ఆ నీళ్లలోనే చిక్కబడి ఉంటుంది. పొదుపు అనుకుని నేను మూడు నెలలు పోశాను, ఒక మంచి కార్డిఫోలియా కొసలన్నీ కాలిపోయాయి.

దానికి సరిగ్గా ఎదురు ఏసీ నీళ్లు. గాల్లోని తేమ చల్లబడి కారే నీళ్లు కాబట్టి వాటిలో ఉప్పు దాదాపు ఉండదు, వాన నీళ్లలాంటివే. మే నెల ఉక్కలో రాత్రంతా ఏసీ నడిస్తే మాకు సగం బకెట్‌కి పైనే వస్తుంది. మొక్కలకి గడ్డుకాలం ఎప్పుడో సరిగ్గా అప్పుడే ఇంట్లో మంచినీళ్ల ఊట! బయట గొట్టం కింద బకెట్ పెట్టండి, రోజూ ఖాళీ చెయ్యండి, లేకపోతే దోమలు చేరతాయి. బోరు నీళ్లు తప్పనివాళ్లు కనీసం వారానికోసారి ఈ నీళ్లు కుండీ అడుగు నుంచి కారిపోయేదాకా పోస్తే పేరుకున్న ఉప్పు కొంత కడుక్కుపోతుంది. ఏసీ గాలి మాత్రం మొక్క మీదికి నేరుగా తగలనివ్వకండి, ఆ గాలి పొడిది.

ఇంకొకటి. మధ్యాహ్నం కుళాయి తిప్పి నేరుగా పైపుతో పోయకండి. డాబా మీది ట్యాంకు నీళ్లు ఆ వేళకి స్నానానికి కాచినట్టుంటాయి.

కుండీ, మట్టి

కుండీ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. మట్టి కుండీ చల్లగా ఉంటుంది గానీ త్వరగా ఆరిపోతుంది, ప్లాస్టిక్‌ది తడి నిలుపుతుంది గానీ ఎండకి కాగుతుంది. నేను ప్లాస్టిక్ కుండీని పెద్ద మట్టి కుండీలో దింపి, మధ్య సందులో ఇసుక పోసి ఆ ఇసుకని తడుపుతాను. కూజా చల్లబడ్డట్టే లోపలి వేళ్లూ చల్లగా ఉంటాయి.

మట్టి మాత్రం ముఖ్యం. గుంటూరు వైపు పెరట్లో నల్లరేగడి తవ్వి నింపేవాళ్లున్నారు. తడిస్తే జిగురు, ఎండితే రాయి, ఫెర్న్ వేరు అందులో ఊపిరాడక పోతుంది. నేను వాడేది రెండు పాళ్లు కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), ఒక పాలు వర్మీకంపోస్ట్, ఒక పాలు ముతక ఇసుకా బొగ్గు ముక్కలూ కలిపింది. బర్డ్స్ నెస్ట్‌కి బొగ్గు ముక్కలు ఇంకొంచెం ఎక్కువ. కోకోపీట్ ఇటుకని నానబెట్టాక ఆ ఎర్రనీళ్లు రెండు మూడుసార్లు పిండి పారబోయాలి, కొన్నింటిలో ఉప్పు ఉంటుంది. ఎరువు వానాకాలంలో, చలికాలంలో నెలకోసారి చాలు. నత్రజని, భాస్వరం, పొటాష్ మూడూ సమంగా ఉండే 19-19-19 ఎరువు లీటరు నీళ్లకి అర గ్రాము మించకుండా వేస్తాను. మేలో అసలు వద్దు. ఎండకి వాడిన మొక్కకి ఎరువు పెట్టడం జ్వరం వచ్చినవాడికి పెళ్లి భోజనం పెట్టడమే.

మే నెల గడవాలంటే

వేలాడే బుట్టలు ఉంటే ఏప్రిల్లోనే కిందికి దించండి. స్లాబు కింద వేడిగాలి చేరుతుంది, పై అంతస్తువాళ్లకి మరీను. నిచ్చెన వేసుకుని ఒకసారి బుట్ట ఎత్తున చెయ్యి పెట్టి చూస్తే మీకే తెలుస్తుంది. కుండీలన్నీ ఒకచోట గుంపుగా, గోడకి అడుగు దూరంలో పెట్టండి. ఎండ పడిన గోడ రాత్రి తొమ్మిది దాకా సెగ కక్కుతూనే ఉంటుంది. ఎండలో 75 శాతాన్ని ఆపే షేడ్ నెట్ కట్టండి, 50 శాతంది వేసవిలో చాలదు. వడగాలి కొట్టే వైపు తడిపిన గోనెసంచో వట్టివేళ్ల తడకో వేలాడదీస్తే ఆ మూలంతా తేడా తెలుస్తుంది. ఆకుల మీద స్ప్రే చెయ్యడం కన్నా ఇది వంద రెట్లు నయం.

ఊరెళ్లాల్సి వస్తే నీళ్ల బకెట్‌ని కుండీల కన్నా కొంచెం ఎత్తున పెట్టి, నైలాన్ తాడు ఒక కొస బకెట్ అడుగు దాకా, రెండో కొస కుండీ మట్టిలోకి దిగేలా పెట్టండి. దీపం వత్తి నూనె పీల్చినట్టు తాడు నీళ్లు లాగుతుంది. వెళ్లే రెండు రోజుల ముందే పెట్టి చూడండి, కొన్ని తాళ్లు పీల్చవు. మూడు నాలుగు రోజులకి ఢోకా లేదు. వారం మించితే ఎదురింటివాళ్లకి తాళాలు ఇవ్వడమే మేలు.

ఎండిపోయినట్టు కనిపించినా జూలై దాకా ఆగండి. నా మూడు బోస్టన్ బుట్టల్నీ మే చివర చెత్తలో పడేశాను. వాటిలో ఒకదాన్ని మా వాచ్‌మన్ భార్య తీసుకెళ్లి సంపు పక్కన, కుళాయి కారే చోట పెట్టింది. ఆగస్టులో మోటారు వెయ్యడానికి దిగి చూస్తే బుట్ట నిండా పచ్చటి చిగుళ్లు! అడగడానికి నాకు మొహం చెల్లలేదు.

ఎప్పుడు కొనాలి, ఏం చూడాలి

మృగశిర వచ్చి నాలుగు వానలు పడ్డాక, జూలై, ఆగస్టుల్లో కొనండి. మొక్కకి చలికాలం గడిచేదాకా వేళ్లు పాతుకునే వ్యవధి దొరుకుతుంది, వచ్చే మే నాటికి ఇల్లు అలవాటవుతుంది. డిసెంబరులో కొంటే నాలుగు నెలల్లోనే ఎండ మీద పడుతుంది.

పెద్దగా కళకళలాడుతున్న బుట్ట కన్నా, మధ్యలో చుట్టలు విప్పుకుంటున్న కొత్త చిగుళ్లు ఎక్కువగా ఉన్న మధ్య సైజు మొక్క తీసుకోండి. ఆకు తిప్పి, కాడ మొదట్లో తెల్లటి పిండినల్లి ఉందేమో చూడండి. ఉంటే ధర తగ్గించినా వద్దు, ఇంట్లో మిగతా మొక్కలకి అంటుతుంది. ఫెర్న్ ఆకు లేత కాబట్టి వేపనూనె కూడా ఘాటుగా కొడితే మాడిపోతుంది, అందువల్ల పురుగు వచ్చాక వదిలించడం కష్టం. కడియం నర్సరీల నుంచి వచ్చే మొక్కలు అక్కడి తడి నీడలో పెరిగినవి. మన బాల్కనీకి రాగానే మొదటి రెండు మూడు వారాలు కొన్ని ఆకులు రాల్చడం మామూలే. కంగారుపడి కుండీ మార్చడం, ఎరువు వెయ్యడం, చోటు మార్చడం మూడూ ఒకేసారి చెయ్యకండి.

డబ్బు పెట్టడం ఇష్టం లేకపోతే, పాత ప్రహరీ గోడల పగుళ్లలో, సున్నం రాలిన ఇటుకల సందుల్లో నిచ్చెన మెట్లలా ఆకులున్న ఫెర్న్ ఒకటి దానంతటదే మొలుస్తుంది. ప్టెరిస్ విట్టాటా దాని పేరు. మట్టిలోని ఆర్సెనిక్‌ని పీల్చి ఆకుల్లో దాచుకుంటుందని 2001లో కనుగొన్నారు కాబట్టి పశువులకి మేతగా వెయ్యకూడదు. కుండీలో అలంకారానికి మాత్రం భేషుగ్గా ఉంటుంది. చిన్న మొక్కని ఇటుక ముక్కతో సహా తీసి నాటితే సున్నపు మట్టిలో, బోరు నీళ్లతో కూడా నెట్టుకొస్తుంది.

ఇక పడమర బాల్కనీ ఒక్కటే ఉండి, ఇద్దరూ పొద్దున్నే ఆఫీసుకి వెళ్లే ఇల్లయితే అక్కడ ఏ ఫెర్నూ వద్దు. హాల్లో కిటికీకి రెండడుగుల దూరంలో బర్డ్స్ నెస్ట్ ఒకటి పెట్టుకోండి. మా కార్డిఫోలియా కుండీలు నాలుగూ ఇప్పుడు వంటింటి వెనక తూర్పు వైపు బట్టలారేసే చోట ఉన్నాయి. ఫోటోలు దిగిన ఆ పడమర బాల్కనీలో కాగితంపూల మొక్క పెట్టాం. మే నెల మధ్యాహ్నం రెండింటికి, మేం తలుపులు వేసుకుని ఏసీ కింద కూర్చుంటే, అది మాత్రం అక్కడ విరగబూసి ఉంటుంది.